పెట్టె నాది, నోరు వాడిది

ముందు పోయినవి రాస్తాను.

ఆంప్లిఫయరు ఒకటి, నూటయాభై వాట్లది. హారన్లు నాలుగు. మైకులు మూడు, అందులో ఒకదాని తల సొట్టపోయింది. స్టాండ్లు రెండు. వైరు రెండు చుట్టలు, కలిపి నూట అరవై గజాలు. మాటలు రికార్డయిన కార్డు ఒకటి. ఇవి ఒక మనిషివి. ఇక ఒక ఊరివి. గడ్డివాములు రెండు. గొర్రెలు ముప్పై ఏడు. రేకుల కొట్టు ఒకటి. ఒక మగమనిషి ఎడమ చెవి వినికిడి. తాళం వేసుకుని ఊరు వదిలిన ఇళ్లు ఆరు, ఆ ఆరింట్లో మనుషులు ముప్పై ఒక్కరు. వాళ్లతో బడి మానిన పిల్లలు తొమ్మిది మంది, అందులో ఇద్దరు మళ్లీ ఏ బడిలోనూ చేరలేదు. కోర్టు వాయిదాలకు పోయిన రోజులు పంతొమ్మిది. ఆఖరికి, ఇంకా నాలుగు నెలలు నిండలేదు, మైకన్న.

ఇంత పోవడానికి పట్టింది పదకొండు సెకన్లు. ఇరవై మూడు మాటలు. కార్డు చేతిలో ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని ఏడుసార్లు విని లెక్కేశాను. తప్పు లేదు.

ఆ ఇరవై మూడు మాటలు ఏమిటో ఇక్కడ రాయను. ఆ మాటలు పడిన రెండు వీధులవాళ్లు ఎవరో, ఏ ఊరో కూడా రాయను. అచ్చుకాగితం కూడా మైకులాంటిదే, ఒకడు అన్నది వెయ్యిమంది చెవిలో వేస్తుంది. మొదటి పద్దెనిమిది మాటలు ఆ వీధులవాళ్ల పుట్టుక గురించి, వాళ్ల దగ్గర ఏమీ కొనొద్దని, వాళ్ల జీవాలను చేలల్లోకి రానివ్వొద్దని. చివరి అయిదూ, వినకపోతే వాళ్లను ఏం చెయ్యాలో. చదివేవాళ్లకు ఇంతమాత్రం తెలిస్తే చాలు.

మైకన్న మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. అసలు పేరు వేరే ఉంది గానీ అది ఆయనకే అలవాటు లేదు. కోర్టులో బంట్రోతు ఆ పేరు మూడుసార్లు పిలిస్తే మూడోసారికి నేను మోచేత్తో పొడిస్తే లేచేవాడు. ఉదయగిరిలో కొండకు ఎదురుగా ఉన్న సందులో ఆయన గది. పొడవు పది అడుగులు, వెడల్పు ఎనిమిది. అందులో సగం మైకుల సామానే. గోడకు వేలాడే నాలుగు హారన్లకూ పేర్లుండేవి. పెద్దత్త, నడిపత్త, చిన్నత్త, కొత్తకోడలు.

"కొత్తకోడలికి ఇంకా నోరు లెయ్యలేదబ్బా. నాలుగు మీటింగులకు పోతే అదే నేర్చుకుంటాది" అనేవాడు, దాన్ని పాత తువ్వాలతో తుడుస్తూ.

నేను పొలాలు కొలిచే మనిషిని. చదివింది ఏడో తరగతి. వరికుంటపాడు నుంచి చేజర్ల దాకా చేలగట్ల మీద గొలుసు లాగుతూ ఎకరాలు, సెంట్లు నోటిలెక్కన చెబుతాను. ఆయన నాకు పరిచయమైంది కూడా లెక్కతోనే. ఇరవై ఆరేళ్ల కిందట వరికుంటపాడు పక్కన ఒక చేను కొలుస్తున్నాను. దగ్గర్లో పెళ్లివాళ్ల ఇంటి ముందు మైకు కడుతున్నారు. అందరూ మైకు పరీక్ష చేయడానికి హలో హలో అంటారు. ఈయన పదిహేడో ఎక్కం చదువుతున్నాడు. "పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏళ్లు నూట ఇరవైతొమ్మిది." నాకు చెవిలో ముల్లు గుచ్చినట్టయింది. గొలుసు వదిలేసి గట్టు మీద నడుచుకుంటూ పోయాను.

"అన్నా, పదిహేడు ఏళ్లు నూట పంతొమ్మిది."

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి మైకు నా నోటి ముందు పెట్టాడు. "నాకు గాదు, దీంట్లో చెప్పు. తప్పు మైకులో పొయ్యింది. దిద్దేది నా చెవులో చెప్తే ఎట్టరా?"

పెళ్లికొచ్చిన జనం నవ్వుతుంటే ఎక్కం మొత్తం నేనే చెప్పాను. ఆ తరవాత ఎక్కడ ఆయన మైకు కడుతున్నా, గుంపులో నేను కనిపిస్తే చాలు, కావాలని "నూట ఇరవైతొమ్మిది" అనేవాడు. నేను వచ్చి దిద్దేదాకా ఏడు దగ్గరే ఆగి, జేబులోంచి వేరుశనక్కాయలు తీసి ఒలుచుకుంటూ నిలబడేవాడు.

తప్పు ఎందులో పోయిందో దిద్దుబాటు కూడా అందులోనే పోవాలి. ఆయన చట్టం అదొక్కటే. దాన్నుంచే ఆయన అద్దె షరతు పుట్టింది. సభ ఎవరిదైనా కావచ్చు, ఏ జెండాదైనా కావచ్చు. సభ ముగిశాక, పెట్టె ఎత్తేముందు, "ఆఖరి పది నిమిషాలు నాయి." ఆ పది నిమిషాలు ఊళ్లో ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఒప్పుకుంటే మైకు వస్తుంది, లేకపోతే ఇంకో సెట్టు చూసుకోవాలి. చుట్టుపక్కల అంత స్పష్టంగా పలికే హారన్లు ఇంకొకరికి లేవు కాబట్టి అందరూ ఒప్పుకునేవాళ్లు.

ఒకసారి ఒక జీవాల కాపరి ఆ పది నిమిషాల్లో వచ్చి, గొర్రెలకు మందు వేయించలేదని సర్పంచిని నాలుగు నిమిషాలు తిట్టాడు. సర్పంచి మీసం అదురుతుండగా పెట్టె దగ్గరికి వచ్చాడు.

"ఏందబ్బా, నీ మైకులో నన్ను తిట్టిస్తావా?"

"నువ్వూ తిట్టు సామీ. ఇంకా ఆరు నిమిషాలుండాయి."

సర్పంచి నిజంగానే తీసుకున్నాడు మైకు. ఆరులో అయిదు నిమిషాలు తిట్టి, ఆఖరి నిమిషంలో మందులు తెప్పిస్తానని చెప్పి దిగాడు.

ఇంకో అలవాటు ఉంది ఆయనకు. సభ నడుస్తున్నంతసేపూ పెట్టె పక్కన బాసింపట్టు వేసుకుని, కుడిచెయ్యి వాల్యూము నాబు మీద పెట్టుకుని కూర్చునేవాడు. నాయకులు ఒకరినొకరు దొంగలనుకున్నా, లంచగొండులనుకున్నా కదిలేవాడు కాదు. ఎవడైనా ఒక కులాన్నో, ఒక మతాన్నో, ఒక వీధి మొత్తాన్నో పుట్టుక పట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాడా, ఆ చెయ్యి ఎడమకు తిరిగేది. హారన్లు చప్పబడేవి.

"ఫీజు పొయ్యిందయ్యా."

పెట్టె మూత తీసి లోపలికి ఊదేవాడు. స్క్రూడ్రైవరు వెతికేవాడు. రెండు వేరుశనక్కాయలు నోట్లో వేసుకునేవాడు. మాట్లాడేవాడికి ఆ వేడి చల్లారి రోడ్ల గురించో, కాలవ గురించో అందుకునేదాకా ఫీజు బాగయ్యేది కాదు. అది ఫీజు కాదని స్టేజీ మీదివాళ్లకూ తెలుసు, కింద కూర్చున్నవాళ్లకూ తెలుసు.

"మనిషిని తిట్టు, నన్ను తిట్టు, మంత్రిని తిట్టు" అనేవాడు. "తిట్టించుకున్నోడు వచ్చి నా పది నిమిషాల్లో జవాబు చెప్పుకుంటాడు. వీధిని తిడితే ఎవురొచ్చి చెప్పాల? ఏమని చెప్పాల? మేం పుట్టినందుకు తప్పయిందయ్యా అని చెప్పాల్నా?"

ఇది తప్పని ఆయనతో వాదించింది నేను.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టీ అంగడి. ఇద్దరం ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నాం. అప్పట్లో నేను ఫోన్లో ఇలాంటివి తెగ చదువుతున్నాను. కొన్ని దేశాల్లో ఎంత చేదు మాటైనా అననిస్తారని, కొన్ని దేశాల్లో కేసు పెడతారని, మన దేశంలో మాట్లాడే హక్కూ ఉంది, ద్వేషం రెచ్చగొడితే సెక్షనూ ఉందని. చదివింది తలలో నిలవదు కదా, నోట్లోకి వచ్చేసింది.

"అన్నా, నువ్వు చేసేది తప్పు. నోరు మూయించే హక్కు నీకెవురిచ్చినారు? ఈ పొద్దు నీకు సరిపడని మాట కోస్తావు. రేపు ఇంకోడు ఇంకో పెట్టె కాడ కూచోని ఆ గొర్రెలాయన మాట కోస్తాడు. అప్పుడేమంటావు?"

"నేను నోరు మూయించినానా? పెట్టె నాది, నోరు వాడిది. పెట్టె లేకండా అరుచుకోమను. నూరు గజాలు పోతాది. నా అత్తలు అందుకుంటే రెండు మైళ్లు పోతాది. ఆ నూరుకీ ఆ రెండు మైళ్లకీ మధ్యలో ఉండేది నేనే గదరా. దానికి నేనేగా జవాబుదారీ?"

నేను అలవాటు కొద్దీ లెక్కేశాను. రెండు మైళ్లంటే మూడువేల అయిదువందల ఇరవై గజాలు. దూరం ముప్పై అయిదు రెట్లు పైచిలుకు. చుట్టూ పరుచుకునే నేల చూస్తే పన్నెండువందల ముప్పై తొమ్మిది రెట్లు. పైకే చెప్పాను.

"చూడు, నువ్వే చెప్తివి" అన్నాడు.

నా నోటితో చెప్పిన లెక్క నేనే వినలేదు. "దానికి చట్టముండాదన్నా. వాణ్ణి అననీ. నువ్వు రికార్డు చెయ్. కాగితం పెట్టు. కోర్టు చూసుకుంటాది. నువ్వు కోస్తే సాక్ష్యం కూడా మిగలదు."

"నువ్వు చదివిన ఆ దేశాల్లో పది నిమిషాలు ఎవురికిస్తారు?" అని అడిగాడు.

నేను చదివినదాంట్లో అది లేదు. అయినా చట్టం, చట్టం అని ఇంకో అరగంట చెప్పాను. చివరికి ఆయన గ్లాసు కింద పెట్టి, "సరే. సర్కారే పెట్టిందంటే నాకంటే పెద్ద చెయ్యే పెట్టుంటాది నాబు మీద. చూద్దాం" అన్నాడు.

ఆరు వారాలకు చేజర్ల వైపు ఒక ఊళ్లో సభ. సాయంత్రం అయిదు దాటింది. మాట్లాడేవాడు పెద్ద భూములున్న ఇంటివాడు. మూడు తరాలుగా ఆ ఊళ్లో ఎవరు సర్పంచి కావాలో, ఎవరి పంచాయితీ ఎట్లా తేలాలో చెప్పేది ఆ ఇల్లే. నేను ఆ పక్కనే ఒక చేను కొలిచి, మైకన్నతో కలిసి ఆటోలో పోవచ్చని వచ్చి పెట్టె దగ్గర నిలబడ్డాను. నాయకుడు నలభై నిమిషాలు నీళ్ల గురించి మాట్లాడాడు. నీళ్లు ఎందుకు రాలేదో చెప్పలేక ఆ రెండు వీధుల మీదికి మళ్లాడు.

మొదటి నాలుగైదు మాటలకే మైకన్న చెయ్యి బిగుసుకుంది. నాబు మీద వేళ్లు తెల్లబడడం నేను చూశాను. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను అడ్డంగా తల ఊపాను. నా మాట మీద ఆయన కార్డు వేసిన పెట్టె రికార్డరు మీద వెలుగుతున్న ఎర్రచుక్కను వేలితో చూపించాను.

పదకొండు సెకన్లు. నాలుగు హారన్లు. ఆ తల ఊపింది నేను.

చప్పట్లు కొట్టారు. నాయకుడు కూర్చున్నాడు. మైకన్న లేచి, ఎప్పటిలాగే, "ఆఖరి పది నిమిషాలు నాయి. ఎవురన్నా మాట్లాడొచ్చు" అన్నాడు.

"ఏంది నీ పది నిమిషాలు? మూసుకోని వైరు చుట్టుకోరా" అని స్టేజీ మీంచి ఒకడు అరిచాడు.

"ఒప్పందమయ్యా."

ఆ వీధుల నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆ ఊళ్లో ఎవరి గొడ్డు ఈనలేక అవస్థ పడుతున్నా పిలిచేది ఆమెనే. మైకును రెండు చేతులతో పట్టుకుని, "అయ్యా, మీ గొడ్డు కడుపులో దూడ అడ్డం తిరిగితే మీరు పిలిచేది నన్ను. ఆ పొద్దు నా వీధి" అంది. పద్నాలుగు మాటలు. పదిహేనోది బయటికి రాకముందే ఒకడు వచ్చి వైరు పీకేశాడు. అవ్వ పెదవులు ఇంకా కదులుతున్నాయి. పెట్టె పక్కనే ఉన్న నాకే వినపడలేదు.

ఆ సభలో కోతపడింది ఆ అవ్వ మాట ఒక్కటే.

ఆటోలో మైకన్న పీకేసిన వైరు కొసను ఒళ్లో పెట్టుకుని మెలితిప్పుతూ కూర్చున్నాడు. ఆత్మకూరులో దిగాక, "నా చెయ్యి నాబు మీదనే ఉన్నింది గదరా" అన్నాడు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తరవాతి నాలుగు రోజుల్లో ఆ ఊళ్లో పోయినవి మొదట్లోనే రాశాను. అయిదో రోజు ఆయన గదిలో కింద కూర్చుని ఫిర్యాదు రాశాను. రాసేది నేను, సంతకం ఆయనది, ఎందుకంటే పెట్టె ఆయనది, కార్డు ఆయనది.

"ఆ మాటలన్నీ రాయాల్నా? తప్పు మాటలన్నాడు అని రాస్తే చాలదా?" అని అడిగాడు.

"చాలదన్నా. కొలతల్లేకుండా దస్తావేజు రాస్తారా?" అని, ఇరవై మూడూ వరసగా, గుండ్రంగా, ఒక్క అక్షరం పోకుండా రాశాను. పైన ఫలానా వ్యక్తి ఇలా మాట్లాడాడని. కింద చర్య తీసుకోండని. దాని కింద ఆయన సంతకం.

స్టేషన్లో, ఏ స్టేషనో రాయను, హెడ్డు కానిస్టేబులు కాగితం తీసుకుని పక్కవాళ్లకు చదివి వినిపించాడు. వాళ్లు నవ్వారు. కార్డు కూడా తీసుకున్నాడు. రసీదు అడిగితే సారు వచ్చాక అన్నాడు.

ఇచ్చిన నాలుగో రోజున ఆ కాగితం ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంది. పైన ఇలా మాట్లాడాడన్న వాక్యం లేదు. కింద చర్య తీసుకోండన్న వాక్యం లేదు. మధ్యలో ఇరవై మూడు మాటలు, ఓ మూలకు అతికించినట్టు ఆయన సంతకం. చూసినవాళ్లకు అవి ఆయన మాటలే. ఆరో రోజున కేసు కట్టారు. ఆయన మీద. వర్గాల మధ్య వైరం పెంచుతున్నాడని. ఆ నాయకుడేమో ఆ గొంతు తనది కాదని, ఉదయగిరిలో ఒక మైకుల గదిలో కంప్యూటరు పెట్టి తయారు చేశారని పేపర్లవాళ్లకు చెప్పాడు. ఆ గదిలో కంప్యూటరు కాదు కదా, కుర్చీ కూడా లేదు. పెట్టె, నలుగురు అత్తాకోడళ్లు, వైరు చుట్టలు అన్నీ జీపెక్కాయి.

నేను స్టేషనుకు పరిగెత్తాను. "సార్, అది ఫిర్యాదు. రాసిన చెయ్యి నాది. కడితే నా మీద కట్టండి."

హెడ్డు తల ఎత్తకుండా, "సంతకం నీదా?" అన్నాడు.

"కాదు సార్."

"మరి నీకేంది నొప్పి? పోయి పొలాలు కొలుచుకో పో."

ఆ సెక్షనుకు పాత చట్టం పుస్తకంలో నంబరు నూటయాభైమూడు-ఏ. కొత్త పుస్తకంలో నూటతొంభై ఆరు. మూడేళ్ల దాకా జైలు. కోర్టు ఆ కేసు చేపట్టాలంటే ముందు ప్రభుత్వం అనుమతి కావాలి. పెద్దవాళ్ల మీద కక్షతో ఎవడు పడితే వాడు కేసు లాగకుండా ఆ అనుమతి పెట్టారని వకీలు చెప్పాడు. మైకన్న మీద అనుమతి డెబ్బై రెండు రోజుల్లో వచ్చింది. ఆ నాయకుడి మీద అనుమతి అడుగుతూ ఒక్క కాగితమైనా కదిలిందా అని అడిగితే, కదలడానికి అసలు కేసే లేదన్నారు. ఇన్నేళ్లు పొలాలు కొలిచాను. గట్టుకు ఇటు ఒక పొడవు గొలుసు, అటు ఇంకో పొడవు గొలుసు పెట్టి కొలిచేవాణ్ణి ఊళ్లో చెప్పుతో కొడతారు.

బెయిలు ఇస్తూ ఒక షరతు పెట్టారు. కేసు తేలేదాకా సభల్లో మైకు ముట్టకూడదు. ఏడాదికి నూట ముప్పై సభలు కట్టే మనిషి. పది నిమిషాల చొప్పున పదమూడు వందల నిమిషాలు. ఇరవై ఒక్క గంటలా నలభై నిమిషాలు. ఏడాదిలో ఇన్ని ఊళ్లవాళ్లకు ఎదురుచెప్పడానికి ఉన్నది ఆ కాసేపే. అది మూసేశారు. దాన్ని లెక్కలో రాసుకున్నవాడు ఎవడూ లేడు.

వాయిదాలకు ఆత్మకూరు పోయేవాళ్లం. ఉదయం బస్సు, సాయంత్రం బస్సు. కోర్టు వరండాలో వేరుశనక్కాయల పొట్లం విప్పి, పక్కన ఎవరుంటే వాళ్లకు పెట్టేవాడు. బంట్రోతు పేర్లు పిలుస్తుంటే ఈయనకు ప్రాణం ఒప్పేది కాదు. "ఆ గొంతుకు ఒక అత్తను ఇప్పిస్తే గానీ లాభం లేదు" అనేవాడు. నవ్వించేవాడు. పద్నాలుగో వాయిదా రోజున మాత్రం నవ్వలేదు. సాయంత్రం బస్టాండులో కూర్చుని ఉంటే కొంచెం దూరంలో ఆ నాయకుడి సభ. వేరేవాళ్ల సెట్టు, గరగరమంటోంది. మళ్లీ ఆ వీధుల మాటే ఎత్తాడు. నేను పక్కకు చూశాను. మైకన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒళ్లో ఉన్న కుడిచెయ్యి ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, గాలిలో ఎడమకు తిరుగుతోంది. తిరిగి తిరిగి మొదటికి వస్తోంది. మళ్లీ ఎడమకు. అక్కడ సభ చప్పట్లతో సాగుతూనే ఉంది.

బస్సెక్కాక అడిగాను. "అన్నా, అసలు ఆ సెక్షనే వొద్దంటావా?"

"సెక్షను తప్పు గాదురా. నేను ఫీజు తీస్తే ఊరంతా చూసేది. ఎందుకు తీసినావని అడిగినోడికి మొగానే జవాబు చెప్పినాను. కొట్టను వచ్చినోళ్లూ ఉండారు, నిలబడినాను. వీళ్లు లోపల గదిలో కూచోని తిప్పతా ఉండారు. ఎవుడిది పెంచినారు, ఎవుడిది తగ్గించినారు, అడగను తావే లేదు."

టిక్కెట్లు తీసుకుని, "నువ్వు చెప్పినేది కూడా తప్పు గాదులే" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఇరవయ్యో వాయిదాకు ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా, పొద్దున నీళ్లు పోసుకుంటూ బావి పళ్లెం దగ్గర పడిపోయాడు. గుండె. ఆస్పత్రికి చేరలేదు. ఉదయగిరిలో ఇంకో మైకుసెట్టు ఆయన తన హారన్లు మోసుకుని వచ్చాడు, మైకన్నను మైకు లేకుండా ఎట్లా సాగనంపుతామని. మైకన్న భార్య, నాకు వదినె, గుమ్మంలోంచే, "వద్దు నాయనా. కోర్టు వద్దనింది" అంది. ఆయన హారన్లు మళ్లీ ఎత్తుకుని పోయాడు.

పన్నెండో రోజు ఒక కానిస్టేబులు మరణ ధ్రువీకరణ పత్రం నకలు కోసం వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"ఆయన మీద కేసు ఏమైతాది?" అంది వదినె.

"మనిషే పోయినాడు గదమ్మా. కొట్టేస్తారు."

"ఆయన పెట్టింది?"

"ఏది?"

"ఆ లీడరు మీద ఇచ్చింది."

"దానికి నంబరే లేదమ్మా. లేనిదాన్ని ఏం చేసేది?" అని, నకలు మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

వదినె నా వైపు తిరిగింది. "అబ్బయా, ఆ పొద్దు రాసింది నువ్వేగదా. మల్లా రాయి. ఈ తూరి నీ సంతకం పెట్టు."

రాశాను. భయపడుతూ రాశాను, అబద్ధం చెప్పను. మాటలు రాయలేదు. వాటి చోట ఇరవై మూడు గీతలు గీశాను. అదే హెడ్డు, అదే కుర్చీ. "ఏందివి, కిటికీ ఊచల మాదిరి? ఏం మాటలన్నాడో రాయకపోతే కేసెట్ట కట్టేది?"

"రాస్తే?"

ఆయన నవ్వాడు. "రాస్తే ఏమవతాదో నీకు తెలుసు గదా."

రాయకపోతే వాడి మీద కేసు లేదు. రాస్తే రాసినవాడి మీద కేసు. అదే కాగితం, అదే మాట, అదే సెక్షను. నా ఒంట్లో ఉన్న భయమంతా ఆ నవ్వుతో కాలిపోయింది. బయటికి వచ్చి, ప్రహరీ గోడ మీద తెల్లకాగితాలు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మాటలన్నీ రాశాను. ఒక్కొక్క మాట తరవాత 'అని ఆయన అన్నాడు' అని రాశాను. ఇరవై మూడు మాటలకు ఇరవై మూడుసార్లు. పిల్లవాడి దస్తూరీలా ఉంది, నాలుగు పేజీలయింది. ఎక్కడ కత్తిరించినా, ఎంత చిన్న ముక్క ఫొటో తీసినా, ఆ మాట ఎవడిదో దాంతోపాటే పోవాలి. ప్రతి పేజీ కింద నా సంతకం, నా వేలిముద్ర, నా ఊరు, నా ఇంటి నంబరు. లోపలికి పోయి ఇచ్చాను.

హెడ్డు మొదటి పేజీ చదివాడు, రెండోది చదివాడు. ఈసారి పక్కవాళ్లకు వినిపించలేదు.

"రసీదు ఇవ్వండి సార్."

"సారు వచ్చినాక."

"ఎన్ని గంటలకొస్తారు?"

"వచ్చినప్పుడొస్తారు. నువ్వు పో."

పోలేదు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాను. సారు జీపు వచ్చింది, పోయింది. తరవాత పన్నెండుసార్లు పోయాను, ఆ రోజుతో కలిపి పదమూడు. కాగితం పోయిందని ఒకసారి, పరిశీలనలో ఉందని ఆరుసార్లు, పైకి పంపామని నాలుగుసార్లు, నువ్వెవరని రెండుసార్లు చెప్పారు. ఈ మధ్యలో ఆ నాయకుడు ఎనిమిది సభల్లో మాట్లాడాడు. నేను ఎనిమిదింటికీ పోయి నిలబడ్డాను. మూడింట్లో ఆ వీధుల మాట వచ్చింది. ఏ సభలోనూ ఆఖరి పది నిమిషాలు లేవు. నా మీద కేసు కట్టలేదు. కట్టినా బాగుండు, దానికైనా ఒక నంబరు పడుతుంది.

వదినె వారానికోసారి ఫోను చేస్తుంది. ఒక్కటే అడుగుతుంది. నేను ఒక్కటే చెబుతాను. కాగితం ఇచ్చి ఈ రోజుకు తొంభై ఆరు రోజులు. రావాల్సింది ఒక నంబరు. రాలేదు.